జీవిత చందా కట్టినవాళ్ళకు ఏం బాకీ పడతాం?

అందరికీ నమస్కారం.

మీలో కొందరు పక్షుల ఫొటోల కోసం, పాత నాణేల కోసం, చెస్ కోసం సొంతంగా వెబ్‌సైట్లు మొదలుపెడుతున్నారని విన్నాను. చాలా సంతోషం. కొన్నాళ్ళకి సర్వర్ బిల్లు చేతికొస్తుంది, టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "లైఫ్‌టైమ్ మెంబర్‌షిప్ పెట్టండి, మొదట చేరే వందమందికి సగం ధరే అనండి." ఆ సలహా గురించే నాలుగు మాటలు చెప్తాను.

మా ఇంట్లో ఒక రసీదు ఉంది. లేత గులాబీ కాగితం, కార్బన్ పెట్టి రాసిన నీలం అక్షరాలు. ‘జీవిత చందా, 500 రూపాయలు’. ఒక చిన్న పత్రికకి మా నాన్నగారు కట్టారు. రెండేళ్ళు వచ్చి ఆగిపోయింది. డబ్బు పోయిందని ఆయన ఏనాడూ అనలేదు. ఆపేస్తున్నామని ఒక కార్డు ముక్కయినా రాయలేదే అని మాత్రం చాలాకాలం బాధపడ్డారు. ఆ సంపాదకుడు మోసగాడని నేననుకోను. ఆ డబ్బు కాగితానికీ, అచ్చుకీ, తపాలా బిళ్ళలకీ పోయి ఉంటుంది. డబ్బేమో ఏడాదిలో అయిపోయింది, ఇచ్చిన మాట మాత్రం జీవితకాలానిది.

చిక్కంతా ఇక్కడే ఉంది. మన గుళ్ళలో శాశ్వత పూజకి డబ్బు కడితే దాన్ని బ్యాంకులో వేస్తారు. ఏటా ఆ వడ్డీతో మనం చెప్పిన రోజున గోత్రనామాలు చదివి పూజ చేస్తారు. అసలు సొమ్ము కదలదు కాబట్టే ‘శాశ్వత’ అనగలుగుతున్నారు. వెబ్‌సైట్ల వాళ్ళు అసలుని ఈ నెల బిల్లుకే కట్టేస్తారు.

సొంత పుస్తకాల జాబితా రాసుకునే లైబ్రరీథింగ్ అనే సైటు 2005లో అమెరికాలో మొదలైంది. ఒకప్పుడు 200 పుస్తకాల దాకానే ఉచితం. అంతకు మించితే ఏడాదికి 10 డాలర్లు, జీవితకాలానికి 25 ఉండేది. అంటే రెండున్నరేళ్ళ చందా కడితే ఇక కట్టక్కర్లేదు. ఆ 25 మీదే బతికి ఉంటే ఎప్పుడో మూతపడేది. గ్రంథాలయాలకి సేవలు అమ్మే ఆదాయం వేరే ఉంది కాబట్టి నిలబడింది. 2020 మార్చిలో అందరికీ ఉచితం చేసేసింది కూడా. మరి మీకు అలాంటి రెండో ఆదాయం ఉందా? ముందు అది చూసుకోండి.

నాకు బాగా నచ్చింది లీచెస్ అనే చెస్ సైటు పద్ధతి. 2010లో తిబో దుప్లెసీ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. ప్రకటనలు లేవు, విరాళాల మీదే నడుస్తుంది. ఒకేసారి 250 డాలర్లు ఇచ్చినవాళ్ళని జీవితకాల పోషకులంటారు. వాళ్ళకి దక్కేది ఏమిటి? పేరు పక్కన చిన్న రెక్క బొమ్మ. అంతే. ఆటలు, పజిళ్ళు, విశ్లేషణ అన్నీ పైసా ఇవ్వనివాళ్ళకి కూడా అచ్చంగా అవే. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు మన ఊళ్ళ రామాలయాల్లో ఫ్యాన్లు గుర్తొస్తాయి. ఫ్యాను రెక్క మీద ఎర్ర రంగుతో దాత పేరు ఉంటుంది, గాలి మాత్రం కింద కూర్చున్నవాళ్ళందరికీ తగులుతుంది. ఆ పేరు అక్కడ ఎన్నేళ్ళుంచినా గుడికి అదనపు ఖర్చు లేదు.

మొదట్లో వచ్చినవాళ్ళని గౌరవించి తీరాలి, అందులో రెండో మాట లేదు. సైటులో పది ఫొటోలు కూడా లేనప్పుడు నమ్మి డబ్బిచ్చారు. జీపీఎస్‌తో డబ్బాలు వెతుక్కునే జియోకాషింగ్ ఆటలో తొలినాళ్ళ చందాదారులకి ‘చార్టర్ మెంబర్’ అనే పేరుంది. తర్వాత చేరినవాళ్ళు ఎంతిచ్చినా అది రాదు. మీరూ అలాంటిదే ఇవ్వండి. అంతేగానీ, లెక్క లేకుండా జీవితాంతం ఫొటోలు దాస్తామని మాత్రం రాయకండి. దాచే ఫొటో ప్రతిదానికీ నెలనెలా ఖర్చుంటుంది, దాత పేరుకి ఉండదు.

జీవితకాలం అనే మాట వాడక తప్పకపోతే, అది సైటు నడిచినన్నాళ్ళే అని డబ్బు కట్టే చోటే, పెద్ద అక్షరాల్లో రాయండి. వచ్చినదాంట్లో కొంత డిపాజిట్ వేసి ముట్టుకోకండి. ఎప్పుడైనా మూసేయాల్సి వస్తే మూడు నెలల ముందు ప్రతి ఒక్కరికీ పేరుపెట్టి ఉత్తరం రాయండి, వాళ్ళ ఫొటోలు వాళ్ళు దించుకునే దారి చూపించండి.

మీ ప్రశ్నలు అడగండి, వింటాను.