గ్రేట్ ఓషన్ రోడ్ రివ్యూ: ఒక్కరోజులో వెళ్లొచ్చేస్తే సగమే చూసినట్టు

నమస్తే అండీ. మెల్‌బోర్న్‌లో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకు ముందుగా చూపించే చోటు గ్రేట్ ఓషన్ రోడ్. తెల్లవారుజామున బయల్దేరి, అర్ధరాత్రికి ఇల్లు చేరతారు. అలా వెళ్తే దండగ అనను గానీ, సగం మిస్సవుతారు. ఒక రాత్రి అక్కడే ఉండండి.

టోర్కీ నుంచి అలన్స్‌ఫోర్డ్ దాకా 243 కిలోమీటర్ల రోడ్డు ఇది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, చనిపోయిన తోటివాళ్ల గుర్తుగా, 1919లో మొదలుపెట్టి 1932కి పూర్తిచేశారు. కొండ చెక్కి వేసింది కాబట్టి ఇరుకు, మలుపులు ఎక్కువ. దూరం చూసి టైమ్ లెక్కేయకండి. మెల్‌బోర్న్ నుంచి, సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాలు ట్వెల్వ్ అపాజిల్స్‌కి సముద్రం పక్కగా వెళ్తే ఆగకుండానే నాలుగు గంటల పైన. కొలాక్ మీదుగా లోపలి రోడ్డైతే సుమారు మూడు.

వెళ్లేటప్పుడు సముద్రం రోడ్డు, వచ్చేటప్పుడు కొలాక్. ఇక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగ్. పడమరకి వెళ్తుంటే సముద్రం మీ వైపే ఉంటుంది, ఎదురు లేన్ దాటకుండా వ్యూ పాయింట్లలోకి తిప్పేయొచ్చు. వెనక బండ్లు పేరుకుంటే టర్నౌట్‌లోకి (రోడ్డు పక్కన ఆగే చోటు) తప్పుకుని దారివ్వండి.

కెనెట్ రివర్ దగ్గర ఆగి, చెట్ల మీద ఉండే కోలా జంతువుల కోసం గ్రే రివర్ రోడ్డులో నడవండి. కారు వద్దు, చాలా రెంటల్ ఇన్సూరెన్సులు మట్టి రోడ్డుకి వర్తించవు. ఆకుల్లో వెతికితే కనపడవు. యూకలిప్టస్ కొమ్మ రెండుగా చీలే చోట బూడిద రంగు మూటలా ముడుచుకుని నిద్రపోతుంటాయి. కింద జనం తలెత్తి నిలబడ్డారంటే పైన ఒకటి ఉన్నట్టే!

అపోలో బే దాటాక రోడ్డు ఆట్వే అడవిలోకి తిరుగుతుంది. మెయిట్స్ రెస్ట్‌లో 800 మీటర్ల నడక, చెట్టంత ఎత్తు ఫెర్న్‌లు. అరగంట చాలు. ఇక్కడి మలుపుల్లో వెనక సీట్లో వాళ్లకి కడుపులో తిప్పుతుంది. వాంతుల మాత్ర వేసుకునేది మొదలయ్యాక కాదు, అపోలో బేలోనే. ఫోన్ సిగ్నల్ కూడా పోతుంటుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇక అపాజిల్స్. పేరుకి పన్నెండే గానీ, పన్నెండు ఎప్పుడూ లేవు. సున్నపురాయి స్తంభాలు, అడుగున అలలు కోసేస్తుంటాయి. 2005 జులైలో ఒకటి కూలిపోయింది. దగ్గర్లోని లండన్ బ్రిడ్జ్ అనే సహజ రాతి వంతెన అయితే 1990 జనవరిలో మధ్యలో తెగి పడితే, అవతల చిక్కుకున్న ఇద్దరిని హెలికాప్టర్‌లో తీసుకొచ్చారు. అందుకే కంచె దాటి సెల్ఫీలు వద్దు, కింద రాయి గుల్లై ఉందో లేదో పైనుంచి తెలీదు.

రాత్రి ఉండమనేది వెలుతురు కోసం. మెయిన్ ప్లాట్‌ఫామ్ నుంచి స్తంభాలు ఎక్కువగా పడమర వైపుంటాయి. సాయంత్రం సూర్యుడు వాటి వెనక్కి వెళ్తాడు, ఫొటోలో నల్లటి ఆకారాలే మిగులుతాయి. అప్పుడు తూర్పు వైపున్న గాగ్, మేగాగ్ అనే స్తంభాల జంట మీదికి తిరగండి, ఎండ వాటి మీదే పడుతుంది. పడమటి స్తంభాల బంగారు రంగు చూడాలంటే పొద్దున్నే రావాలి. టూర్ బస్సులు మధ్యాహ్నానికి దిగుతాయి, ఎండ తిన్నగా పడి రాళ్లు పాలిపోయి ఉంటాయి. చీకటి పడ్డాక చిన్న పెంగ్విన్లు బీచ్ ఎక్కుతాయి, టార్చి మాత్రం వేయొద్దు.

బీచ్‌లోకి దిగే గిబ్సన్ స్టెప్స్ 86 మెట్లు. ఆటు సమయం చూసుకుని దిగండి, పోటులో ఇసుక ఉండదు. రాళ్లు జారితే మూసేస్తారు. ఈత ఆలోచన వద్దు. లాక్ ఆర్డ్ గార్జ్ మాత్రం వదలకండి: 1878లో లాక్ ఆర్డ్ అనే ఓడ మునిగితే 54 మందిలో బతికింది ఇద్దరే, కొట్టుకొచ్చి చేరింది ఈ సందులోకే. హెలికాప్టర్ రైడ్? బడ్జెట్ టైట్ అయితే మానేయండి, ప్లాట్‌ఫామే చాలు.

జనవరి ఇక్కడ ఎండాకాలమే, అప్పుడైనా జాకెట్ ఉండాలి, దక్షిణ సముద్రపు గాలి కొరికేస్తుంది. బస అపాజిల్స్ దగ్గర్లోని పోర్ట్ క్యాంప్‌బెల్ ఊళ్లో చూడండి, సెలవుల్లో ముందే బుక్ చేయాలి. పెరుగన్నం, పులిహోర కట్టుకెళ్తే పెద్దవాళ్లకి హాయి. చీకటి పడ్డాక కంగారూలు రోడ్డెక్కుతాయి. అడ్డొస్తే స్టీరింగ్ తిప్పకండి, తిన్నగా బ్రేక్ వేయండి. పెట్రోల్ అపోలో బేలోనే నింపేయండి.