మిక్సీ జార్‌లో ఎడారి మొక్క

శ్రోతలకు నమస్కారం. మిక్సీ పాడైపోతే మోటారు పాత సామాన్లవాడికి వెళ్తుంది, జార్లు మాత్రం అటకెక్కుతాయి. వాటిలో లోపల ఉన్నది బయటికి కనిపించే జ్యూసు జార్ ఒకటి ఉంటుంది. ఇవాళ దానిలోనే ఓ ఎడారి మొక్కను పెంచుదాం.

గాజులో మొక్కల పెంపకం ఊపందుకున్నది లండన్ డాక్టరు నథానియల్ వార్డ్ వల్ల. 1829లో, మూత బిగించిన సీసాలో ఓ ఫెర్న్ మొక్క దానంతటది మొలవడం ఆయన కంటపడింది. ఆ తర్వాత ఆయన గాజుపెట్టెలు చేయించాడు. చైనా తేయాకు మొక్కలు ఓడలెక్కి మన దేశానికి వచ్చింది అలాంటి పెట్టెల్లోనే. లోపలి తేమ ఆవిరై, గాజుకు పట్టి, మళ్ళీ మట్టిలోకే జారుతుంది. ఫెర్న్‌కి అది స్వర్గం. ఆకుల్లో నీళ్ళు దాచుకునే సక్యులెంట్లకు అదే గండం. వాటికి మూత ఉండకూడదు, అడుగున కన్నం ఉండాలి. కన్నం లేకపోయినా అడుగున గులకరాళ్ళు పోస్తే చాలంటారు కానీ, నేనొప్పుకోను. పై మట్టి తడిసి ముద్దయ్యాకే కదా నీరు కిందికి దిగేది!

జ్యూసు జార్‌కి బ్లేడు విప్పేస్తే కన్నం సిద్ధంగా ఉంటుంది. చేత్తో లాగకండి, రిపేరు షాపులో ఇస్తే తీసిపెడతారు. అంచుల్లో ఇరుక్కున్న అల్లం పీచు పోయేలా కడిగి ఆరబెట్టండి. కన్నం మీద దోమల జాలి ముక్క పరిచి, ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, చిన్న ఇటుక ముక్కలు ఒక పాలు కలిపి నింపండి. పైన రెండు వేళ్ళ ఖాళీ వదలండి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పుంటుంది.

నర్సరీలో గులాబీ పువ్వులా కనిపించే ఎచివేరియాని చూసి మనసు పారేసుకోకండి. మన ఉక్కపోతకి అది తట్టుకోవడం కష్టం. ఆకుల మీద తెల్ల చారలుండే హవోర్తియా అడగండి. దక్షిణాఫ్రికాలో పొదల నీడన పెరిగే మొక్క, కిటికీ వెలుగుతో సర్దుకుంటుంది. వేర్లకున్న కొబ్బరిపొట్టు దులిపి నాటండి, వారం దాకా నీళ్ళు పోయకండి. ఎండాకాలం పడమటి ఎండ నేరుగా తగలనివ్వకండి, జార్ వేడెక్కి వేర్లు ఉడుకుతాయి.

ఆ తర్వాత నీళ్ళెప్పుడు పోయాలన్నది జారే చెబుతుంది. తడి మట్టి ముదురు రంగులో, పొడి మట్టి వెలిసిపోయి బయటికే కనిపిస్తాయి. అడుగుదాకా వెలిశాకే పోయండి. వానాకాలంలో అది నెమ్మదిగా వెలుస్తుంది, తొందరపడకండి. ఆకు ముడతపడితే దాహం. పసుపుపచ్చగా, జిగురుగా మెత్తబడితే నీళ్ళెక్కువైనట్టు. అప్పుడు మొక్కను పైకి తీసి, నల్లబడిన వేర్లు కత్తిరించి, రెండు మూడు రోజులు నీడన ఆరనిచ్చి పొడి మట్టిలో నాటండి. మొదలు గట్టిగా ఉంటే చాలావరకు బతికేస్తుంది.

సెలవు.