రెండు చోట్లా గెలిస్తే? ఆ 14 రోజుల లెక్క

[తెరపై: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మ్యాప్. గుడివాడ, హిందూపురం, నల్గొండ ఒక్కొక్కటిగా వెలుగుతాయి]

1985లో ఎన్టీఆర్ కోస్తాలో ఒకటి, సీమలో ఒకటి, తెలంగాణలో ఒకటి, మొత్తం మూడు సీట్లకు పోటీ చేశారు. మూడూ గెలిచి, హిందూపురం ఉంచుకుని మిగతా రెండూ వదిలేశారు. ఇప్పుడది కుదరదు. 1996లో ప్రజాప్రాతినిధ్య చట్టం 33వ సెక్షన్‌ను సవరించి రెండుకు గీత గీశారు. మూడో చోట నామినేషన్ వేసినా చెల్లదు.

అయితే ఆ రెండు ఏ సభకు ఆ సభకే. అసెంబ్లీకి రెండు, లోక్‌సభకు రెండు వేసినా చట్టం అడ్డు చెప్పదు.

[తెరపై: నామినేషన్ పత్రం, పక్కన డిపాజిట్ రసీదు]

ఒకే నియోజకవర్గంలో నాలుగు సెట్ల వరకు వేయొచ్చు, డిపాజిట్ మాత్రం ఒక్కసారే. రెండో నియోజకవర్గానికి మళ్లీ కట్టాలి: అసెంబ్లీకి 10,000, ఎస్సీ, ఎస్టీలకు 5,000. ఖర్చు పుస్తకం కూడా విడిగానే రాయాలి. మన రెండు రాష్ట్రాల్లో అసెంబ్లీ సీటుకు పరిమితి 40 లక్షలు. ఇక్కడ మిగిలింది అక్కడ చూపిస్తానంటే ఒప్పుకోరు.

[తెరపై: కామారెడ్డి, 2023]

కేసీఆర్‌కు గజ్వేల్, రేవంత్ రెడ్డికి కొడంగల్ ఉన్నాయి. కామారెడ్డి ఇద్దరికీ రెండో సీటే. అక్కడ గెలిచింది మాత్రం బీజేపీ అభ్యర్థి! ఒక్కచోటే గెలిస్తే రాజీనామా గొడవే లేదు.

[తెరపై: క్యాలెండర్. జూన్ 4 చుట్టూ ఎర్ర గుండ్రం]

రెండూ గెలిస్తేనే అసలు తంటా. 14 రోజుల్లో ఒకదానికి రాజీనామా చేయాలి. ప్రమాణ స్వీకారం నుంచి లెక్కేస్తారని చాలామంది అనుకుంటారు. కాదు, ఫలితం ప్రకటించిన రోజు నుంచే. 2024లో రాయ్‌బరేలీ, వయనాడ్ ఫలితాలు జూన్ 4న వచ్చాయి. గడువు 18. వయనాడ్ వదులుకుంటున్నట్టు రాహుల్ గాంధీ 17న ప్రకటించారు. గడువు దాటితే 70వ సెక్షన్ ప్రకారం రెండు సీట్లూ ఖాళీ అవుతాయి. ఏది ఉంచాలో అధికారులు ఎంచి పెట్టరు.

వదిలిన సీటుకు ఆరు నెలల్లో ఉప ఎన్నిక. వయనాడ్‌లో నవంబర్ 13న పోలింగ్ జరిగింది. ఓటర్లు మళ్లీ క్యూ కట్టాలి, ఖర్చు ఖజానాది. వదిలేసిన అభ్యర్థి నుంచి ఆ ఖర్చు రాబట్టాలని ఎన్నికల సంఘం 2004లోనే అడిగింది. చట్టం మారలేదు. అసలు రెండు చోట్ల పోటీనే ఆపాలంటూ వేసిన పిటిషన్‌ను 2023లో సుప్రీంకోర్టు కొట్టేసింది, అది పార్లమెంటు తేల్చాల్సిన విషయమంటూ.

[తెరపై: ఒకవైపు మెదక్ ఎంపీ, మరోవైపు గజ్వేల్ ఎమ్మెల్యే]

ఎంపీ, ఎమ్మెల్యే రెండూ గెలిస్తే నిబంధన వేరు. ఆ 14 రోజులు గెజిట్‌లో అచ్చయిన తేదీ నుంచి నడుస్తాయి. అప్పటికీ ఎమ్మెల్యే పదవి వదలకపోతే ఎంపీ సీటు పోతుంది. 2014లో కేసీఆర్ మెదక్‌కు రాజీనామా చేసి గజ్వేల్ ఉంచుకున్నారు. ఆ సెప్టెంబరులోనే మెదక్‌లో మళ్లీ పోలింగ్ పెట్టాల్సి వచ్చింది.