65 డాలర్ల సంగతి

వేదిక మీది పెద్దలకూ, ఎదురుగా కూర్చున్న మీకూ నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైమ్ దాంతోనే అయిపోతుంది, క్షమించండి.

ఆస్టియోపతి, అంటే ఎముకల్నీ కండరాల్నీ చేతులతో సరిచేసే మన వైద్యం, దాని నేటి స్థితి, రేపటి ఎదుగుదల గురించి మాట్లాడమన్నారు. ఎదుగుదల అనగానే మనవాళ్లు అంకెలు తీస్తారు, సరే, నేనూ తీస్తాను. అమెరికాలో వైద్యం చదివేవాళ్లలో నాలుగోవంతుకు పైగా ఇప్పుడు ఆస్టియోపతి కాలేజీల్లోనే ఉన్నారు. బ్రిటన్‌లో 1993లోనే చట్టం వచ్చింది, ఇప్పుడు రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆస్టియోపాత్ అని బోర్డు పెట్టుకుంటే నేరం. 2020లో లోకంలో దాదాపు 62 కోట్ల మందికి నడుంనొప్పి ఉంది, 2050కి అది 84 కోట్లు దాటుతుందని అంచనా. కాబట్టి రోగులు వస్తారు, ఆ టెన్షన్ పెట్టుకోకండి.

నాకు మాత్రం ఎదుగుదల అంటే కాలిఫోర్నియానే గుర్తొస్తుంది. నా క్లాసుల్లో కూర్చున్నవాళ్లు ఇది విని విని విసిగిపోయుంటారు, ఇంకోసారి వినండి. 1962లో అక్కడి డీవోలకు, అంటే ఆస్టియోపతి డిగ్రీ ఉన్న డాక్టర్లకు, ఒక అవకాశం ఇచ్చారు: 65 డాలర్లు కట్టు, డీవో తీసేసి అక్కడి మామూలు డాక్టర్ల డిగ్రీ ఎండీ అని రాసుకో. రెండు వేల మందికి పైగా మార్చుకున్నారు. అక్కడి మన కాలేజీ కూడా ఎండీ కాలేజీ అయిపోయింది. ఆ ఏడాదే జనం చేత ఓటు వేయించి కొత్త డీవోలకు లైసెన్సులు ఆపేశారు, 1974లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పేదాకా తలుపు తెరుచుకోలేదు. వెళ్లినవాళ్లను నేను తిట్టను, పెద్దాసుపత్రులు గడప తొక్కనివ్వని కాలం అది. కానీ చూడండి, ఏళ్ల తరబడి మనది వైద్యమే కాదన్నవాళ్లకు 65 డాలర్లు కట్టగానే మనం డాక్టర్లుగా ఎలా కనిపించాం? అంతకుముందు మనలో తక్కువైనదేంటి మరి? దీనికి ఇప్పటిదాకా నాకెవరూ జవాబు చెప్పలేదు.

ఇప్పుడు ఫీజు కూడా అక్కర్లేదు. 2020కల్లా అమెరికాలో డీవోల, ఎండీల రెసిడెన్సీలన్నీ, అంటే డిగ్రీ తర్వాత ఆసుపత్రుల్లో ఇచ్చే శిక్షణలన్నీ, ఒకే గొడుగు కిందికి వచ్చాయి, మంచిదే, కానీ బయటికొచ్చిన డీవోల్లో ఎక్కువమంది రోగి వీపు మీద చెయ్యి వేయడమే మానేశారు. వేరే దేశాల్లో చేతులతోనే బతికే ఆస్టియోపాత్‌లది ఇంకో రోగం. పసిపిల్లల కడుపునొప్పి నుంచి పుర్రె ఎముకల కదలికల దాకా అన్నీ నయం చేస్తామంటారు.

1999లో అమెరికాలో జరిగిన ట్రయల్ ఉంది కదా, మన చికిత్స తీసుకున్నవాళ్లకు నడుంనొప్పి మామూలు వైద్యంతో సమానంగానే తగ్గింది, మందులు తక్కువ పడ్డాయి. దాన్ని ప్రతి స్లైడ్‌లో పెడతాం. 2021లో ఫ్రాన్స్‌వాళ్లు ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూస్తే వచ్చిన తేడా చాలా చిన్నది, దానివల్ల రోగికి ఏమాత్రం ఒరుగుతుందో అనుమానమేనని వాళ్లే రాశారు. అది మీలో ఎంతమంది చదివారు? చేతులెత్తండి.

...అంతేనా?

సరే, తయారుచేసుకొచ్చిన మిగతా కాగితాలు పక్కన పెడుతున్నాను. ఒక్కటే అడుగుతాను. నడుంనొప్పితో వచ్చిన ప్రతి రోగికీ మొదటి రోజు నొప్పి ఎంత, ఏ పని చేయలేకపోతున్నారు, ఆరు వారాలకు ఎలా ఉన్నారు, ఇవి రాయండి. తగ్గనివాళ్లవి ముందు రాయండి. ఫారాలు బయట టేబుల్ మీద పెట్టించాను, భోజనాలకు వెళ్లేముందే తీసుకోండి, తర్వాత ఎవరూ తీసుకోరు.