బిందె పక్కన రెండు గడులు

అందరికీ నమస్కారం. ఆర్థికశాస్త్రం చదివి సర్వేలకూ పథకాల మదింపుకూ సిద్ధమవుతున్న తెలుగు పిల్లలు ఇంతమంది చెన్నైలో ఒకచోట కూర్చోవడం చూస్తే కడుపు నిండినట్టుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉత్తర చెన్నైలో ఓ తెలుగువాళ్ళ ఇంటికి సర్వే కాగితాలు పట్టుకుని వెళ్ళాను. "మీరేం పని చేస్తుంటారక్కా?" అని అడిగాను. "పనేముందమ్మా, ఇంట్లో ఖాళీగానే ఉంటా" అంది. అంటూనే మల్లెమాల కడుతోంది. మూరకింతని పూలకొట్టువాళ్ళిచ్చే కూలి అది. కళ్ళారా చూస్తూ కూడా ఆమె మాటే పట్టుకుని 92 వేసేశాను. మన జాతీయ నమూనా సర్వేల్లో 92 అంటే ఇంటిపని మాత్రమే చేసేవారు. 93 అంటే ఇంటిపనితోపాటు కట్టెలు ఏరడం, మేత తేవడం, ఇంటికోసం కుట్టుపని లాంటివి చేసేవారు. రెండూ శ్రామికశక్తికి బయటే. ఆ రోజు ఒక కార్మికురాలిని లెక్కలోంచి తీసేసింది నేనే. ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందుకే స్త్రీల సంగతిని కోర్సు చివరి వారానికి నెట్టేసే పాఠ్యక్రమాలంటే నాకు కోపం. అది మొదటి ప్రశ్న ఎలా అడగాలో నేర్పే రోజే మొదలవ్వాలి.

మన బెంగళూరు ఆర్థికవేత్త దేవకీ జైన్ 1970లలోనే రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ పల్లెల్లో ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో లెక్క తీయించారు. దేశమంతటా అలాంటి సర్వే జరగడానికి 2019 దాకా పట్టింది. జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. 2024లో మళ్ళీ చేస్తే 289, 88 వచ్చాయి. తీసివేసి చూడండి: 202 కాస్తా 201 అయింది. అయిదేళ్ళకు ఒక్క నిమిషం!

ఈ ఇంటిపనిని జీడీపీలో, అంటే దేశ ఉత్పత్తి లెక్కలో, ఎందుకు కలపరంటే, కొలవడం కష్టం గనక వదిలేశామంటారు. సొంతింట్లో ఉండేవాళ్ళు ఎవరికీ అద్దె కట్టరు కదా, అయినా ఆ ఇంటికి ఇంత అద్దె వస్తుందని ఊహించి జీడీపీలో కలుపుతున్నాం. ఆ ఇంట్లో వండిన అన్నాన్నీ, మంచం పట్టిన మామగారికి చేసిన సేవనూ కలపం. కట్టని అద్దెను లెక్కగట్టడం మాత్రం సులువా?

2019 అంటే మీలో ఇక్కడ పెరిగినవాళ్ళకు ముందు నీళ్ళే గుర్తొస్తాయి. చెన్నైకి నీళ్ళిచ్చే జలాశయాలు పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ దాదాపు ఎండిపోయాయి. మన ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి కృష్ణ నీళ్ళు వచ్చి చేరేది కూడా ఆ పూండికే. వీధుల్లో రంగురంగుల ప్లాస్టిక్ బిందెల వరసలు. నీళ్ళ లారీ కిరాయి, డీజిలు, డ్రైవరు జీతం అన్నీ పద్దుల్లోకి ఎక్కుతాయి. లారీ ఏ అర్ధరాత్రి వస్తుందోనని మేలుకున్న నిద్ర ఎక్కదు. మర్నాడు పనికి పోలేక పోగొట్టుకున్న కూలీ ఎక్కదు. ఆ వీధికి కొళాయి వేస్తే లాభమెంత అని మదింపు చేసే కుర్రాడు ఈ రెండూ వదిలేస్తే ఖర్చే పెద్దదిగా కనిపిస్తుంది, ఫైలు వెనక్కి వస్తుంది. అక్కడ ఆడవాళ్ళ మీద ద్వేషం ఎవరికీ లేదు. అడగడం ఎవరూ నేర్పలేదు, అంతే.

తమిళనాడులో 2023 సెప్టెంబరులో అర్హులైన గృహిణులకు నెలకు 1000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు. పథకం పేరులో 'ఉరిమై' అని ఉంది, అంటే హక్కు. ఆ మాట నాకు చాలా నచ్చింది. కానీ ఆ వెయ్యి ఇచ్చినంత మాత్రాన లారీ వేళకు రాదు. రెండింటికీ విడివిడిగా లెక్క చూడాలి.

రేపు తెల్లవారుజామున నాలుగింటికి లారీ దగ్గరికి వెళ్తున్నాం. మీకిచ్చిన ఫారంలో ఎన్ని లీటర్లు అన్న గడి ఒక్కటే ఉంది. దాని పక్కన ఎవరు మోశారు, ఎంతసేపు నిలబడ్డారు అని రెండు గడులు ఈ రాత్రే గీసుకోండి. "ఖాళీగానే ఉంటా" అని ఎవరైనా అంటే వెంటనే కలం కదపకండి. కాసేపు పక్కన కూర్చుని, ఆమె చేతులు ఏం చేస్తున్నాయో చూసి రాయండి.