ఫ్రేన్: ఒంట్లో ఉండే భాగమా, మనసా?

పక్కటెముకలు అయిపోయి పొట్ట మొదలయ్యే చోట అరచెయ్యి పెట్టుకుని ఒకసారి గట్టిగా దగ్గండి. చేతి కింద ఎగిరిపడినట్టు అనిపించింది కదా, ఆ లోపలే ఉంటుంది డయాఫ్రమ్, తెలుగు మీడియం వాళ్లకి ఉదరవితానం. పైన గుండె, ఊపిరితిత్తులు, కింద కాలేయం, జీర్ణాశయం, మధ్యలో గొడుగులా పరుచుకున్న కండరం. ప్రాచీన గ్రీకు వైద్యులు దీన్ని ఫ్రెనెస్ అన్నారు, ఏకవచనంలో ఫ్రేన్. ఆ భాషలో మనసుకీ బుద్ధికీ కూడా ఇదే మాట!

(స్క్రీన్ మీద: ఈటె పట్టుకున్న యోధుడి బొమ్మ)

ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన గ్రీకు కావ్యం ఇలియడ్. దాని 16వ భాగంలో గ్రీకు యోధుడు పాట్రోక్లస్ విసిరిన ఈటె ట్రాయ్ పక్షాన పోరాడే సార్పెడాన్‌కి ఎక్కడ దిగిందో హోమర్ కచ్చితంగా చెప్తాడు: గుండె చుట్టూ ఫ్రెనెస్ మూసుకుని ఉండే చోట. తర్వాత పాట్రోక్లస్ అతని ఛాతీ మీద కాలు పెట్టి ఈటె లాగితే, దాంతో పాటే ఫ్రెనెస్ కూడా బయటికొచ్చేస్తాయి. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఇక్కడ ఫ్రెనెస్ అంటే రక్తమాంసాలే, అనుమానం లేదు. కానీ అదే హోమర్ కావ్యాల్లో మనుషులు ఆలోచించేది, సంతోషించేది, కుమిలిపోయేది కూడా ఫ్రెనెస్‌లోనే.

పోనీ ఆ భాగం డయాఫ్రమేనా? హోమర్ ఇంకో కావ్యం ఒడిస్సీలో ఒంటికన్ను రాక్షసుణ్ణి ఎక్కడ పొడవాలా అని కథానాయకుడు ఒడిస్యూస్ చూసుకునేది "ఫ్రెనెస్ కాలేయాన్ని పట్టి ఉంచే చోట", అంటే డయాఫ్రమ్‌కి సరిపోతుంది. సార్పెడాన్ దగ్గరికొస్తే మాత్రం గుండెని చుట్టుకుని ఉన్నాయన్నాడు, ఈటెతో బయటికొచ్చాయన్నాడు, అందుకే ఆనియన్స్ అనే పండితుడు హోమర్ ఫ్రెనెస్ అంటే ఊపిరితిత్తులని వాదించాడు. నాకైతే ఈ వాదనలో బలం ఉందనిపిస్తుంది, ఎందుకంటే భయమేసినా దుఃఖమొచ్చినా ముందు మారేది ఊపిరే.

మాట ఎక్కడ పుట్టిందన్నది ఇంకా తేలలేదు. కంచె వేయడం అనే అర్థమున్న గ్రీకు క్రియతో కొందరు ముడిపెట్టారు. ఇంట్లో ఆడవాళ్ల గదులకీ మగవాళ్ల గదులకీ మధ్య గోడ ఉన్నట్టు దేవతలు ఒంట్లో ఫ్రెనెస్ పెట్టారని ప్లేటో రాశాడు కాబట్టి వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ క్రియ నుంచి నిజంగా వచ్చింది డయాఫ్రమ్ అనే మాట. ఫ్రేన్‌కి ధ్వనులు సరిగ్గా కుదరవు. అనుమానం అనే అర్థమున్న పాత నార్స్ (స్కాండినేవియా పాత భాష) మాట ఒకదాన్ని కూడా పోల్చి చూశారు. అది కుదిరినా మనసు అనే అర్థం దొరుకుతుంది, ఒంటి భాగం దొరకదు.

ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటిస్ పేరు మీదున్న మూర్ఛ వ్యాధి గ్రంథం రాసిన వైద్యుడు మాత్రం సూటిగా తేల్చేశాడు: ఆ పేరు ఏదో అలా అలవాటుగా వచ్చింది, ఆలోచించేది మెదడు. మరి అనుకోని ఆనందానికో బాధకో ఫ్రెనెస్ ఎందుకు ఎగిరిపడతాయంటే, అవి పల్చగా, వెడల్పుగా ఉంటాయి కాబట్టేనట.

అయినా మాట రెండు దారుల్లోనూ బతికే ఉంది. 1908లో స్విస్ మనోవైద్యుడు బ్లాయిలర్ ఒక మానసిక వ్యాధికి పెట్టిన స్కిజోఫ్రెనియా అనే పేరులో ఫ్రేన్ మనసు. మెడలోంచి దిగి డయాఫ్రమ్‌ని కదిలించే ఫ్రెనిక్ నరంలో ఫ్రేన్ కండరం. ఎక్కిళ్లు వచ్చినప్పుడు ఆ కండరాన్ని పట్టి కుదిపేది ఈ నరమే, మనమేమో ఎవరో తలుచుకుంటున్నారంటాం.