దెయ్యాన్ని గీసిందెవరు? బీచ్ రోడ్డు పోస్టర్‌పై స్టూడియోలో రచ్చ

(విశాఖలో ఓ స్థానిక చానెల్ చర్చకు ఇది రాతరూపం. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట వినిపించినంత మేరకే రాశాం. దగ్గులు తీసేశాం. పంపిణీదారు గారి 'ఒక్క నిమిషం'లు తీయబోతే సగమే తీయగలిగాం.)

యాంకర్: నమస్కారం. బీచ్ రోడ్డులో అంటించిన పాత హారర్ సినిమాల పండుగ పోస్టర్ ఇప్పుడు అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. 1954 నాటి 'క్రియేచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్' బొమ్మ వేసి, కింద 'ఈ వింతజీవి సృష్టికర్త బడ్ వెస్ట్‌మోర్' అని అచ్చేశారు. ఒక ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని ఆ పేరు ఎర్ర మార్కర్‌తో కొట్టేసి 'మిలిసెంట్ ప్యాట్రిక్' అని రాసింది. పోస్టర్ పాడుచేసిందని వీళ్లు, తప్పు దిద్దిందని వాళ్లు. ముగ్గురు అతిథులకూ సమాన సమయం ఇస్తాం. ముందుగా పోస్టర్ వేయించిన పంపిణీదారు గారు.

పంపిణీదారు: ఒక్క నిమిషం. స్క్రీన్ మీద నా పేరు పక్కన 'మాజీ' అని పడుతోంది, ముందు అది తీయించండి. మాజీ ఏంటండీ? సరే. ఆ సినిమా టైటిల్స్ చూడండి. మేకప్, బడ్ వెస్ట్‌మోర్. తెర మీద ఏ పేరుంటే అదే వేశాం. టైటిల్స్‌కి మించిన సాక్ష్యం ఏముంటుంది?

లెక్చరర్: ఆయన మేకప్ విభాగానికి హెడ్, సార్, కాదనను. బొమ్మ గీసింది మాత్రం మిలిసెంట్ ప్యాట్రిక్. అంతకుముందు డిస్నీలో 'ఫాంటేజియా'కి పనిచేసిన చిత్రకారిణి. ఈ సినిమా తీసిన యూనివర్సల్ స్టూడియో వాళ్లే ఆమెను ప్రచారానికి ఊరూరా పంపారు. 'మృగాన్ని సృష్టించిన సుందరి' అని ఆ యాత్రకి పేరు కూడా పెట్టుకున్నారు. వెస్ట్‌మోర్‌కి అది మింగుడు పడలేదు. దాంతో 'మృగంతో ఉండే సుందరి' అని మార్చేశారు. తిరిగొచ్చేసరికి ఆమెకి పని లేదు...

పంపిణీదారు: ఉద్యోగం పోవడానికి సవాలక్ష కారణాలుంటాయమ్మా.

లెక్చరర్: ఇక్కడ కారణం ఒక్కటే...

పంపిణీదారు: సవాలక్ష! జీతం తీసుకుందా లేదా? తీసుకుంది. గీసిన బొమ్మ కంపెనీది. అయిపోయింది.

యాంకర్: మేకప్ మాస్టారూ, మీరేమంటారు?

మేకప్ మాస్టారు: నేనేటంటాను బాబూ, నాటకాలకి రంగులు పూసుకునేవాణ్ణి. ఎక్కడైనా హెడ్డు పేరే పడుతుంది. ఆ మాటకొస్తే ఆ తల చెక్కింది క్రిస్ ముల్లర్, ఒంటి తొడుగు తయారు చేసింది జాక్ కెవాన్. లోపల దూరినోళ్లు ఇద్దరు. నేల మీద బెన్ చాప్‌మన్, నీళ్లలో రికో బ్రౌనింగ్. ఆ తొడుగులో గాలి సిలిండర్ లేదు. బ్రౌనింగ్ ఊపిరి బిగబట్టి ఈది, ఇక ఆగలేనప్పుడు పక్కనున్న గాలిగొట్టం నోట్లో పెట్టుకుని పీల్చుకునేవాడు, మళ్లీ షాట్‌లోకి. టైటిల్స్‌లో ఆ ఇద్దరి పేర్లూ లేవు.

యాంకర్: అబ్బ! సరే, ఇక్కడ నాకో కోణం కనిపిస్తోంది. 'ఫ్రాంకెన్‌స్టైన్' సినిమాలో రాక్షసుడి వేషం వేసిన బోరిస్ కార్లోఫ్ ఉన్నాడు కదా, ఆయన తండ్రి మన దేశంలో ఉప్పు శాఖ అధికారి! అంటే ప్రపంచ హారర్‌కి మూలం మన ఉప్పు అనొచ్చా?

లెక్చరర్: అనలేం. ఆయన అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్, 1887లో లండన్‌లో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ ఇండియా ఉప్పు శాఖలో పనిచేసిన మాట నిజమే, కుటుంబంలో భారతీయ రక్తమూ ఉంది. కానీ మన చర్చకి పనికొచ్చేది వేరే ఉంది. 1931లో ఆ సినిమా మొదట్లో వేసిన టైటిల్స్‌లో రాక్షసుడి పాత్రకి ఎదురుగా పేరు లేదు, ప్రశ్నార్థకం ఉంది.

పంపిణీదారు: అది పబ్లిసిటీ! ఎవడబ్బా వీడని జనానికి టెన్షన్ పెట్టాలి. బ్రహ్మాండమైన ఐడియా. చివర్లో పేరు వేశారు కదా?

లెక్చరర్: వేశారు. ప్రీమియర్‌కి మాత్రం పిలవలేదు. 1933లో అక్కడ నటుల సంఘం పెట్టినవాళ్లలో ఆయనా ఒకడు.

యాంకర్: ఉప్పూ కారం తిన్న మనిషి!

మేకప్ మాస్టారు: ఆ మొహం ఎలా చేశారో చెప్తాను. చేసినవాడు జాక్ పియర్స్. రోజూ నాలుగు గంటల పని. దూది, కొలోడియన్ జిగురు పొరలు పొరలుగా వేసి నుదురు పెంచాడు. కనురెప్పల మీద మైనం పెడితే కళ్లు సగం మూతపడి చచ్చినోడి చూపు వచ్చింది. కార్లోఫ్‌కి కట్టుడు పళ్లు ఉండేవి. అవి తీసేస్తే ఒక బుగ్గ లోపలికి పోయింది. పియర్స్ ఆ లోతు మీద నీడ వేశాడు. మనిషిలో ఉన్న లోపాన్నే వాడుకున్నాడు, చూడండి, అదీ పనితనమంటే. అలాంటోణ్ణి 1940ల చివర్లో అదే యూనివర్సల్ స్టూడియో సాగనంపింది. ఆ కుర్చీలోకి వచ్చిందెవరు? ఈ వెస్ట్‌మోరే.

లెక్చరర్: అదే నేను...

పంపిణీదారు: ఒక్క నిమిషం! కొత్త నీరు వస్తే పాత నీరు పోతుంది. మన విఠలాచార్య గారినే తీసుకోండి. 1978లో 'జగన్మోహిని'. దెయ్యం పొయ్యిలో కట్టెలకి బదులు కాళ్లు పెట్టి వంట చేస్తుంది. హాల్లో పిల్లలు కెవ్వుమంటే పెద్దలు నవ్వేవాళ్లు. జగదాంబ జంక్షన్‌లో ఎవర్నైనా ఆపి అడగండి, ఆ సీను చెప్తారు. ఆ మంట ఎవరు పెట్టారు, ఆ కాళ్లు ఎవరు చేశారు అని ఒక్కడైనా అడిగాడా?

లెక్చరర్: అడగలేదు సార్. నా బాధ అదే.

పంపిణీదారు: చూశారా! ఒప్పుకున్నారు!

(ఇక్కడ ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. ఆవిడ ఒప్పుకున్నది ఏమిటో మాకూ అర్థం కాలేదు.)

యాంకర్: ఒప్పుకున్నారు కాబట్టి ముందుకెళ్దాం...

లెక్చరర్: నేనేమీ ఒప్పుకోలేదండీ!

పంపిణీదారు: వీళ్లు హక్కులంటారు, న్యాయమంటారు. 1922లో జర్మనీలో 'నోస్ఫెరాటు' తీశారు. 'డ్రాక్యులా' నవల హక్కులు కొనలేదు, పేర్లు మార్చి తీసేశారు. రచయిత బ్రామ్ స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కేసు వేసింది. 1925లో కాపీలన్నీ నాశనం చేయమని బెర్లిన్ కోర్టు చెప్పింది. కొన్ని మిగిలిపోయాయి కాబట్టి ఇవాళ మనం చూస్తున్నాం. కాగితం మీద ఉన్నదే పట్టుకుని కూర్చుంటే ఆ సినిమాయే లేదు!

లెక్చరర్: ఇందాక టైటిల్స్‌కి మించిన సాక్ష్యం లేదన్నారు. ఇప్పుడు కాగితం పట్టుకోవద్దంటున్నారు.

పంపిణీదారు: నేనెప్పుడన్నాను?

మేకప్ మాస్టారు: అన్నారండి. మొదట్లోనే.

పంపిణీదారు: ఆ సందర్భం వేరు మాస్టారూ! ముప్పై రోజులాడే సినిమా మూడు రోజులకే ఎత్తేస్తే ఆ నష్టం ఎవరిది? బొమ్మ గీసినవాళ్లదా? నాదా? డబ్బు పెట్టినవాడే సృష్టికర్త. రాసుకోండి.

(ఈ చివరి మాట చర్చలో ఇంకో నాలుగుచోట్ల వచ్చింది. ఒక్కచోటే ఉంచాం.)

యాంకర్: మంచి పాయింట్. మేడమ్, దీనికి మీ దగ్గర సమాధానం ఉందా? క్లుప్తంగా.

లెక్చరర్: 1973లో 'ది ఎక్సార్సిస్ట్'. అందులో దెయ్యం పట్టిన పాప నోట్లోంచి వచ్చే దెయ్యం గొంతు మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్‌ది. పచ్చి గుడ్లు మింగి, వరసగా సిగరెట్లు కాల్చి గొంతు గరగరలాడించింది. విడుదలైనప్పుడు ఆమె పేరు లేదు. పోరాడి వేయించుకుంది...

పంపిణీదారు: అద్గదీ! పోరాడింది, వచ్చింది. మరి మీ మిలిసెంట్ ఎందుకు పోరాడలేదు?

లెక్చరర్: మెకేంబ్రిడ్జ్ వెనక నటుల సంఘం నిలబడింది సార్. ఇందాక చెప్పానే, కార్లోఫ్ వాళ్లు పెట్టిందే. మేకప్ గదిలో బొమ్మలు గీసుకునే ఆడమనిషికి ఏ సంఘం ఉంది, ఎవరు నిలబడతారు?

మేకప్ మాస్టారు: మాకూ ఎవరూ నిలబడలేదమ్మా. ఒకసారి కాకినాడలో...

యాంకర్: మాస్టారూ, కాకినాడ తర్వాత. మేడమ్ మళ్లీ కార్లోఫ్ దగ్గరికే తీసుకొచ్చారు! నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే. తండ్రిది ఉప్పు శాఖ. ఉప్పంటే మన నౌపడ. ఇటు విశాఖ తీరం...

లెక్చరర్: పోస్టర్ సంగతి తేల్చండి ముందు. ఆ అమ్మాయిని క్షమాపణ చెప్పమంటున్నారు. తప్పు పేరు వేసినవాళ్లు చెప్పరా?

పంపిణీదారు: తప్పు అని ఎవరు తేల్చారు? రెండు వైపులా వాదన ఉంది. నాది ఇంకా పూర్తి కాలేదు. విలియం క్యాజిల్ అని ఒకాయన, 1958లో 'మకాబ్ర్' సినిమాకి, భయంతో ఎవరైనా చచ్చిపోతే వెయ్యి డాలర్లని ప్రేక్షకులకి బీమా చేయించాడు. అదండీ బుర్ర! బొమ్మ గీయడం ఎవరైనా గీస్తారు...

మేకప్ మాస్టారు: ఎవరైనా గీయలేరండి.

పంపిణీదారు: ...సినిమాని జనం దగ్గరికి చేర్చడం ఎవడికి వస్తుంది? మాలాంటి వాళ్లకి! మా పేర్లు ఏ టైటిల్స్‌లో ఉన్నాయి, చెప్పండి!

యాంకర్: చాలా బలంగా చెప్పారు. టైమ్ అయిపోయింది. చివరిగా మేడమ్‌ని ఒక్క ప్రశ్న. కార్లోఫ్ తండ్రి నౌపడ వచ్చారా, లేదా?

లెక్చరర్: వచ్చినట్టు ఎక్కడా రాసి లేదండీ.

యాంకర్: రాలేదని కూడా ఎక్కడా రాసి లేదు కదా!

పంపిణీదారు: కరెక్ట్!